పాత ఇనుము చెప్పే నిజం: విజయవాడ ఆటోనగర్‌లో ఒక రోజు

కనిగిరి ప్రాంతంలో వాహనానికి వయసు లెక్కించే పద్ధతి వేరు. నగరాలలో పదేళ్లు నిండిన బండిని పాతబడినదని పక్కన పెడతారు. మా పల్లెలలో పాతికేళ్లు దాటిన జీపు సైతం చేతికి అందివచ్చిన కొడుకులా కుటుంబాన్ని పోషిస్తూనే ఉంటుంది. వెలిగండ్ల, హనుమంతునిపాడు, పామూరు వైపు రాళ్లు తేలిన దారులలో అది ఒకనాడు మనుషులను మోసింది; నేడు నీళ్లను మోస్తున్నది. ఈ ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. పళ్లు గారపట్టడం, నడుము వంగిపోవడం, మోకాళ్లు ముడుచుకుపోవడం ఇక్కడి పల్లెలు తరతరాలుగా అనుభవిస్తున్న బాధలు. అందువల్ల శుద్ధి చేసిన నీటి క్యాను ఇంటింటికీ చేరడం ఇక్కడ సౌకర్యం కాదు, అవసరం.

మా పెద్ద బావగారి జీపు చేసే పని అదే. తెల్లవారకముందే క్యాన్లు ఎక్కించుకొని బయలుదేరి, మధ్యాహ్నానికి నాలుగైదు పల్లెలు తిరిగి వస్తుంది. అది ఒకటి రెండు రోజులు ఆగితే ఫరవాలేదు. వారం ఆగితే ఆయన ఇంటి పొయ్యికీ, ఆ పల్లెల దాహానికీ ఇబ్బందే. గత వేసవిలో అలాంటి వారమే వచ్చింది. ముందు చక్రం బ్రేకు డ్రమ్ము పగిలింది. స్టీరింగ్ బాక్సు అరిగి, చక్రం ఒకవైపు తిప్పితే బండి కాస్త ఆలోచించి తిరిగే స్థితికి వచ్చింది. ఆ నమూనా జీపుల తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. దగ్గరి దుకాణాలలో దొరికిన నకలు సరుకు మా మేస్త్రికి నచ్చలేదు. "అసలు కంపెనీ సామాను పాతదైనా సరే, ఆటోనగర్‌లో వెతుకుదామండి" అన్నాడు. అలా బావగారు, మేస్త్రి, మేము కలిసి ముగ్గురం విజయవాడ ప్రయాణమయ్యాము. పాత వాహనాల విడిభాగాలకు అంత పెద్ద అంగడిని మేము చూడటం అదే తొలిసారి.

ఫజ్ర్ నమాజు చేసుకొని కనిగిరిలో బస్సు ఎక్కాము. పొదిలి దాటి, నల్లని గ్రానైటు గుట్టల చీమకుర్తి మీదుగా ఒంగోలు చేరి, అక్కడ రైలు పట్టుకున్నాము. విజయవాడ సమీపించేసరికి ఎండ ముదిరింది. రైలు వంతెన మీదుగా కృష్ణానదిని దాటుతుండగా 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కనిపించింది. అంత నీటిని ఒక్కచోట చూసిన బావగారు చాలాసేపు కిటికీ వదలలేదు. "ఇందులో ఒక్క కాలువ మనవైపు తిరిగితే నా జీపుకు పనే ఉండదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో ఆశ ఎంత ఉన్నదో, దిగులూ అంతే ఉన్నది.

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారి విజయవాడలో కలుస్తాయి. అందువల్ల ఆ నగరం లారీలకు పుట్టినిల్లు వంటిది. ఆ లారీల కోసం వెలసినదే జవహర్ ఆటోనగర్. ఆసియాలోని పెద్ద వాహన పారిశ్రామికవాడలలో ఒకటిగా దానికి పేరున్నది. లోపలికి అడుగుపెట్టగానే మొదట చెవులకు పని పడుతుంది. ఒకవైపు సుత్తి దెబ్బలు, మరొకవైపు లేత్ మిషను కూత, ఇంకొకవైపు వెల్డింగ్ చిటపటలు. ఒక వీధిలో లారీలకు కొత్త బాడీలు కడుతుంటారు. పక్క వీధిలో కాలం తీరిన లారీలను విప్పుతుంటారు. పుట్టుక, మరణం ఇరుగుపొరుగుగా కాపురముండే చోటు అది.

విప్పిన బండిలో పారవేసేది దాదాపు ఏదీ ఉండదు. ఇంజను ఒక దుకాణానికి, గేర్‌బాక్సు మరొక దుకాణానికి, కమాను పట్టీలు వేరొకరికి చేరతాయి. రేడియేటర్లు మాత్రమే అమ్మేవారున్నారు. చక్రాలు, యాక్సిళ్లు మాత్రమే అమ్మేవారున్నారు. ఒక్క బేరింగుల మీదనే బతికే దుకాణాలున్నాయి. ఏ అంగడిలోనూ ధర రాసి ఉండదు, వస్తువు చరిత్ర రాసి ఉండదు. నూనె మరకల మధ్య ఒకదానిపై ఒకటి పేర్చిన ఇనుములో మనకు కావలసినది ఎక్కడున్నదో దుకాణదారుకే తెలుసు. అది ఎంత అరిగినదో, ఎక్కడ అతుకుపడినదో కూడా అతనికే తెలుసు. ఈ రెండవ సంగతే ఆ రోజంతా మా ఆలోచనలకు కేంద్రమయింది.

పాత జీపుల సామాను ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ వెళ్తుండగా, ఆ జీపు పుట్టుక గురించి మేము చదివిన ఒక సంగతి బావగారికి చెప్పాము. మహీంద్రా సంస్థ 1945 అక్టోబరు 2న మొదలైనప్పుడు దాని పేరు 'మహీంద్రా అండ్ ముహమ్మద్'. జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అనే సోదరులతో మలిక్ గులామ్ ముహమ్మద్ భాగస్వామిగా చేరి ఉక్కు వ్యాపారం ప్రారంభించారు. దేశ విభజన తరువాత గులామ్ ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. అటుపిమ్మట గవర్నర్ జనరల్ పదవి చేపట్టారు. ఇక్కడి సంస్థ 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా పేరు మార్చుకొని, ఆ దశాబ్దం చివర అమెరికా విల్లీస్ జీపులను మనదేశంలో కూర్చడం మొదలుపెట్టింది. బావగారు కాసేపు మౌనంగా నడిచి, "అంటే నా బండి పేరులో ఒకనాడు ముహమ్మద్ కూడా ఉన్నాడన్నమాట" అన్నారు. మేస్త్రి నవ్వి, "పేరు ఎవరిదైనా బ్రేకు పడాలి గదా సార్" అన్నాడు. ఆ మాటతో మళ్లీ పనిలో పడ్డాము.

మొదట వెళ్లిన దుకాణంలో డ్రమ్ము దొరికింది. నల్లరంగు వేసి, నిగనిగలాడుతూ ఉన్నది. ధర కూడా తక్కువే. బావగారు జేబులో చేయి పెట్టారు. మేస్త్రి ఆపి, డ్రమ్మును ఒక చేతితో గాలిలో వేలాడదీసి, చిన్న సుత్తితో అంచుమీద తట్టాడు. మంచి డ్రమ్ము అయితే గంటలా సాగుతూ మోగుతుందట. ఇది పెంకు మీద కొట్టినట్లు చప్పగా పలికి ఆగిపోయింది. రంగు కింద ఏదో అతుకు ఉన్నదని అతనికి అర్థమయింది. ఏమీ అనకుండా డ్రమ్ము కింద పెట్టి, సలాము చేసి బయటికి నడిచాడు.

మూడు వీధులు దాటాక ఒక పెద్దాయన దుకాణం కనిపించింది. నుదుట విభూతి రేఖలు, ముక్కుమీదికి జారిన కళ్లద్దాలు, మసి పట్టిన చేతులు. మా అవసరం విని, గుట్టలో అడుగున ఉన్న డ్రమ్మొకటి మేస్త్రి కంటపడగా తానే బయటికి తీయించాడు. దానికి రంగులేదు. తట్టి చూస్తే మోత కూడా ఫరవాలేదనిపించింది.

"పెద్దాయనా, ఇది సరిపోతుందా?" అని మేస్త్రి అడిగాడు.

"సరిపోతుంది బాబూ, కానీ మీకు పనికిరాదు" అన్నాడాయన. "లేత్ మీద రెండుసార్లు కోశారు దీన్ని. ఇక మందం మిగల్లేదు. పైగా బోల్టు రంధ్రం దగ్గర నాకు అనుమానంగా ఉంది. చూపిస్తానుండండి."

కుర్రవాడు డీజిల్ తెచ్చాడు. డ్రమ్మును ఆ చోట బాగా తడిపి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లారు. టీ తెప్పించి మమ్మల్ని కూర్చోబెట్టారు. మేము టీ తాగేలోపల తెల్లని సుద్దమీద వెంట్రుకవాసి మందంతో ఒక నల్లని గీత మెల్లగా తేలింది. పగులులో దాగిన డీజిల్ తిరిగి పైకి వచ్చి సుద్దను తడిపింది. కంటికి కనిపించని లోపం తన వాంగ్మూలం తానే రాసినట్లయింది.

బావగారికి ఓపిక తగ్గింది. ఐదు రోజులుగా బండి ఆగి ఉన్నది. "పెద్దాయనా, ఒక రెండు నెలలు నడిస్తే చాలు. తరువాత మార్చుకుంటాను. ధర చెప్పండి" అన్నారు.

"మీ బండి ఏం మోస్తుందండి?"

"నీళ్ల క్యాన్లు. పల్లెలకు."

"అంత బరువుతో పల్లానికి దిగేటప్పుడు ఇది విడిపోతే?" అని ఆయన డ్రమ్మును పక్కకు జరిపాడు. "ఇది కాటా సరుకండి. తూకానికే పోతుంది. బండికి అమ్మను." ఆ తరువాత కుర్రవాడిని తోడిచ్చి, వెనుక వీధిలోని మరొక దుకాణానికి మమ్మల్ని పంపించాడు. ఆ దుకాణంతో ఆయనకు ఏ లాభమూ లేదని దారిలో ఆ కుర్రవాడే చెప్పాడు.

ఈ సంఘటన చూస్తున్నప్పుడు మా మనసు పద్నాలుగు శతాబ్దాల వెనుకటి మదీనా అంగడికి వెళ్లింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ధాన్యపు రాశి పక్కగా వెళ్తూ అందులోకి చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన కురిసి తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి ఆ తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మనం చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాము. ఆ వ్యాపారి వానను కురిపించలేదు, ధాన్యాన్ని తడపలేదు. తడిని కింద దాచాడు, అంతే. తప్పంతా ఆ దాచడంలోనే ఉన్నది. ప్రవక్త (స) వేళ్లు ధాన్యపు రాశిలో వెతికిన దానినే ఆ పెద్దాయన సుద్దపొడి ఇనుములో వెతికింది. కాకపోతే ఇక్కడ వెతికినవాడు అమ్మకందారే.

క్రయవిక్రయదారులు ఇద్దరూ సత్యం పలికి, వస్తువులోని లోపాన్ని స్పష్టం చేసుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ తెలుపుతున్నాయి. ఈ బోధ ఆధారంగానే ఇస్లామీయ ధర్మశాస్త్రంలో 'ఖియారె ఐబ్' అనే హక్కు ఏర్పడింది. కొన్న తరువాత దాచిన లోపం బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చివేసే అధికారం కొనుగోలుదారుకు ఉంటుంది. బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) తన భాగస్వామి ఒక వస్త్రంలోని లోపాన్ని చెప్పకుండా అమ్మినట్లు తెలిసి, ఆ సొమ్మంతా దానం చేసివేశారని జీవితచరిత్రకారులు రాశారు.

కొత్త వస్తువుకు తయారీదారు పూచీ ఉంటుంది. పాత వస్తువుకు అమ్మేవాడి నోటిమాటే పూచీ. ఆ మాట అబద్ధమైతే ఏమవుతుందో మనదేశం 2010 ఏప్రిల్‌లో చూసింది. ఢిల్లీలోని మాయాపురి తుక్కు అంగడికి ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి వేలంలో అమ్మిన పాత యంత్రం వచ్చి చేరింది. దాని లోపల కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నదని దానిని విప్పిన కూలీలకు తెలియదు. పలువురు తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. ఒక కార్మికుడు ప్రాణం కోల్పోయాడు. అక్కడ అబద్ధం ఎవరూ ఆడి ఉండకపోవచ్చు. లోపల ఏమున్నదో చూసి, చెప్పి అమ్మాలన్న బాధ్యత మాత్రం నెరవేరలేదు. మౌనం కూడా ప్రాణం తీయగలదు.

పాత సామాను వ్యాపారంలో మరొక పరీక్ష కూడా ఉన్నది. వస్తువు ఎక్కడినుంచి వచ్చింది? ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ అంగడి పాత విడిభాగాలకు దేశమంతటా పేరు పొందింది. దొంగిలించిన వాహనాలు అక్కడ ముక్కలవుతున్నాయని తేలడంతో 2021 డిసెంబరులో పోలీసులు దానిని మూయించారు. నిజాయితీగా బతికిన చిన్న వ్యాపారులు కూడా ఆ దెబ్బకు వీధిన పడ్డారు. దొంగసొత్తని తెలిసీ కొన్నవాడు ఆ పాపంలో భాగస్వామి అవుతాడు. అందుకే ఇంజనుకైనా ఛాసిస్‌కైనా నంబరు చూడటం, రసీదు అడగటం కేవలం ప్రభుత్వ నిబంధన కాదు. మన ఆర్జన, మన వినియోగం హలాల్‌గా ఉండటానికి అవసరమైన జాగ్రత్త.

జుహ్ర్ వేళకు సమీపంలోని మస్జిదుకు వెళ్లాము. వుజూ చేసే చోట నూనె మరకలు పోవడానికి సబ్బు, రంపపు పొట్టు పెట్టి ఉన్నాయి. జమాతులో మా పక్కన నిలబడిన వారిలో చాలామంది మోచేతుల దాకా కడుక్కొని వచ్చిన మెకానిక్‌లే. నమాజు ముగియగానే వారు తొందర తొందరగా తమ సుత్తుల వద్దకు వెళ్లిపోయారు. తన చెప్పులను తానే కుట్టుకున్న, తన బట్టలకు తానే మాసికలు వేసుకున్న ప్రవక్త (స) సమాజంలో చిరిగినదానిని బాగుచేసే చేతులకు గౌరవం లోపించకూడదు కదా అనుకున్నాము.

భోజనం చేస్తుండగా మేస్త్రి ఒక ప్రశ్న అడిగాడు. "సార్, ఇలాంటి అంగళ్లు వేరే దేశాల్లో కూడా ఉంటాయా?" ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే ఊరున్నది. అక్కడ పాతకాలపు కార్ల అభిమానుల సంఘం 1955 నుంచి శరదృతువులో పెద్ద సంత నిర్వహిస్తున్నది. వేలాది చదరాలలో పాత దీపాలు, చక్రపు మూతలు, తలుపు పిడులు పరచి అమ్ముతారు. ఇంగ్లండులోని బ్యూలీ గ్రామంలో మోటారు ప్రదర్శనశాల ఆవరణలో 1967 నుంచి అలాంటి సంతే జరుగుతున్నది. తాతల కాలపు కారుకు ఒక్క మరచుట్టు దొరికితే వారికి పండుగ. మన హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల 1912 నాటి పసుపురంగు రోల్స్‌రాయిస్ కారును కూడా అంతే శ్రద్ధతో కాపాడుతున్నారు. మనదేశంలో యాభై ఏళ్లు దాటిన వాహనాలను పురాతన వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేసే నిబంధన 2021లో వచ్చింది. వాటి నంబరు పలకపై 'వీఏ' అనే అక్షరాలుంటాయి.

"మరి మా బండి?" అన్నారు బావగారు. ఆ జీపు పురాతనమూ కాదు, కొత్తదీ కాదు. మురిపెంగా దాచుకునే వయసు దానికి రాలేదు. మోసే వయసు దాటిపోతున్నది. అదే 2021లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన తుక్కు విధానం ప్రకారం, వాణిజ్య వాహనాలు 15 ఏళ్లకు, సొంత వాహనాలు 20 ఏళ్లకు ఫిట్‌నెస్ పరీక్షలో నిలవకపోతే వాటి ఆయువు తీరినట్లే. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి అన్న ఉద్దేశం మంచిదే. పేదవాడి పాతబండి బతకాలంటే అది నిజంగా క్షేమంగా ఉండాలి. పైపై రంగుతో కాదు. ఆ విధంగా చూస్తే ఆటోనగర్ పెద్దాయన సుద్దపొడి కూడా ఒక ఫిట్‌నెస్ పరీక్షే.

వెనుక వీధి దుకాణంలో మంచి డ్రమ్ము దొరికింది. తట్టగానే సాగుతూ మోగింది. సుద్దమీద గీత తేలలేదు. కొత్తదాని ధరలో సగంకన్న తక్కువకే ఇచ్చారు. స్టీరింగ్ బాక్సు మాత్రం తిరిగి పెద్దాయన దగ్గరే కొన్నాము. దానిని విప్పి, లోపలి పళ్లు చూపించి, "ఒక బేరింగు అరిగిందండి, అది మార్చి బిగించుకోండి. పది రోజుల్లో తేడా కనిపిస్తే తీసుకురండి, డబ్బు ఇచ్చేస్తాను" అని, ఆ మాటనే రసీదుపై రాసి సంతకం పెట్టాడు. 'ఖియారె ఐబ్' అన్న పదం ఆయన విని ఉండడు. ఆచరణలో దానిని మాకు చూపినవాడు మాత్రం ఆయనే. లోపం చెప్పినందువల్ల ఆ బాక్సు ధర తగ్గింది నిజమే. మా మేస్త్రి మాత్రం ఆ దుకాణం చిరునామాను జాగ్రత్తగా రాసుకున్నాడు. కనిగిరిలో ఎవరికి ఏ విడిభాగం కావలసివచ్చినా ఇప్పుడతడు అక్కడికే పంపుతున్నాడు. శుభమంటే బహుశా ఇదే.

నాలుగవ రోజున జీపు మళ్లీ నీళ్లతో బయలుదేరింది. దానితోపాటు ఆ ప్రయాణం నుంచి మా ఇళ్లకు చేరవలసిన మాట ఒకటున్నది. ఆటోనగర్ వెళ్లకపోయినా మనలో ప్రతి ఒక్కరం ఏదో ఒకనాడు పాత వస్తువు అమ్మేవారమే. పాత ద్విచక్ర వాహనం, చల్లబడని ఫ్రిజ్, బ్యాటరీ నిలవని ఫోను, వర్షానికి కారే ఇల్లు. అమ్మే ముందు తుడిచి మెరిపించడంలో తప్పులేదు. కానీ ఫ్రిజ్ రెండుసార్లు గ్యాసు నింపించుకున్నదని, ఫోను ఒకసారి నీళ్లలో పడిందని, ఇంటి ఉత్తరపు గోడ చెమ్మగిల్లుతుందని కొనేవారికి చెప్పే ధైర్యం మనకున్నదా? పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడి ఆరోగ్యం, అప్పు, ఉద్యోగం గురించి ఉన్నదున్నట్లు చెబుతున్నామా? తడిసిన ధాన్యాన్ని పైన పెట్టమన్న ఆదేశం మదీనా వ్యాపారికి మాత్రమే కాదు.

దుబారాను దివ్య ఖుర్‌ఆన్ షైతాను సోదరుల లక్షణంగా పేర్కొన్నది. పనికివచ్చే వస్తువును పారవేయకుండా మరొకరి చేతికి అందించడం ఆ దుబారా నుంచి తప్పించుకునే మంచిదారి. అయితే వస్తువుతోపాటు దాని నిజాన్ని కూడా అందించినప్పుడే అది పుణ్యకార్యం అవుతుంది. లేకపోతే మన భారాన్ని ఎదుటివాడి నెత్తిన పెట్టడమే అవుతుంది. ఈసారి ఇంట్లో పాత వస్తువు ఏదైనా అమ్మదలచినప్పుడు, ధర చెప్పకముందే దాని లోపాలను ఒక కాగితంపై రాసి కొనేవారి చేతికి ఇద్దాము. మన పిల్లలు దానిని పక్కన నిలబడి చూడాలి. హలాల్ ఆర్జన అంటే ఏమిటో వారికి ఉపన్యాసాల కంటే ఆ కాగితమే బాగా నేర్పుతుంది. మన లావాదేవీలన్నింటిలో సత్యాన్ని పలికే శక్తిని, ఆ సత్యంలోని శుభాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.